"సార్ సరిగ్గా చెప్పట్లేదు" అంటున్న పిల్లల చేతికి మార్కుల లెక్క అప్పగించడం ఎలా

ఇంటర్ ఫస్టియర్‌లో మొదటి యూనిట్ టెస్ట్ మార్కులు రాగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది: "నాన్నా, ఫిజిక్స్ సార్ అస్సలు అర్థమయ్యేలా చెప్పట్లేదు." ఇది సాకు అని కొట్టిపారేస్తే మాట అక్కడే తెగిపోతుంది. పైగా చాలాసార్లు అది నిజం కూడా. లెక్చరర్ పోస్టు నెలల తరబడి ఖాళీగా ఉండే కాలేజీలున్నాయి, ఏడాదిలో ఇద్దరు ముగ్గురు మారే సెక్షన్లున్నాయి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద ఎక్కించి బెల్లు కొట్టగానే వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు.

అయితే ఆ నిజం ఎన్ని మార్కులది? పోయిన మార్కుల్లో సార్ వల్ల పోయినవి ఎన్ని, పుస్తకం తెరవక పోయినవి ఎన్ని, తెలిసి కూడా పేపరు మీద పారేసుకున్నవి ఎన్ని? ఈ లెక్క ఇంట్లో ఎవరూ వేయరు. తల్లిదండ్రులు మొత్తం తప్పు పిల్లలదంటారు, పిల్లలు మొత్తం సారుదంటారు. లెక్క పిల్లల చేతే, వాళ్ల ఆన్సర్ స్క్రిప్ట్ మీదే వేయిస్తే వాదన దానంతటదే చల్లారుతుంది. ఈ పద్ధతికి ప్రాణం అదే.

ఉదాహరణలకు తెలంగాణ ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ పేపర్ తీసుకున్నాం. పదో తరగతికీ, ఇతర సబ్జెక్టులకూ ఇదే వరస. పేపర్ నమూనా మాత్రం మీ బోర్డు వెబ్‌సైట్ నుంచి ఈ ఏడాదిదే తెచ్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఇంటర్ ఫస్టియర్ సిలబస్, పేపర్ల తీరు మారాయి కాబట్టి అక్కడ అక్కయ్య దాచిపెట్టిన పాత పేపర్లు యథాతథంగా పనికిరావు.

1. ముందు ఫిర్యాదు పూర్తిగా వినండి, కాగితం మీద పెట్టండి

పావుగంట చాలు. టీవీ, ఫోన్ పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఏ చాప్టర్? క్లాసులో సరిగ్గా ఏం జరిగింది? నువ్వు ఎక్కడిదాకా ఫాలో అయ్యావు, ఎక్కడ తప్పిపోయావు? జవాబులు అమ్మాయినే రాయమనండి. "సార్ వేస్ట్" అని రాస్తే ఒప్పుకోకండి. "డోలనాలు చాప్టర్ రెండు క్లాసుల్లో అయిపోగొట్టారు, లెక్కలు ఒక్కటీ చేయించలేదు" అని రాస్తే అది పనికొచ్చే ఫిర్యాదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, "పక్కింటి వాళ్లబ్బాయికీ ఆ సారే కదా, వాడికెలా వచ్చాయి?" అనడం. ఆ క్షణం నుంచి అమ్మాయి తన చదువు గురించి ఆలోచించడం మానేసి తన మాట నిలబెట్టుకునే పనిలో పడుతుంది. రెండోది దీనికి తలకిందులు: పిల్ల ముందే లెక్చరర్‌ని తిట్టిపోయడం, "ఇంత ఫీజు కట్టించుకుని ఇదా చెప్పేది!" అనడం. కోపం న్యాయమే కావచ్చు. కానీ దాంతో ఆ సబ్జెక్టు చదవకపోయినా పరవాలేదని ఇంట్లోవాళ్లే రాసిచ్చినట్టవుతుంది. విని, "సరే, ఇందులో నిజమెంతో స్క్రిప్ట్‌లో చూద్దాం" అని ఆపేయండి.

వెంటనే ట్యూషన్ పెట్టించడం కూడా తొందరపాటే. అమ్మాయికి ఏ రకం మార్కులు పోతున్నాయో తెలియకుండా ట్యూషన్‌కి పంపితే రోజులో గంటన్నర పోతుంది, చదువుకునే టైమ్ ఇంకా తగ్గుతుంది.

2. స్క్రిప్ట్ ముందు పెట్టుకుని క, చ, జ లెక్క వేయించండి

కావలసినవి: దిద్దిన ఆన్సర్ స్క్రిప్ట్, ప్రశ్నపత్రం, టెక్స్ట్‌బుక్, క్లాసు నోట్సు, ఒక ఎర్ర పెన్ను. మొదటిసారి గంట పడుతుంది. పెన్ను అమ్మాయి చేతిలోనే ఉండాలి. మీరు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి.

ముందు పేపర్ నిర్మాణం చెప్పించుకోండి. ఫిజిక్స్ 60 మార్కులు, 3 గంటలు. మొదటి సెక్షన్‌లో రెండు మార్కుల ప్రశ్నలు 10, అన్నీ రాయాలి: 20 మార్కులు. రెండో దాంట్లో నాలుగు మార్కులవి 8 ఇస్తే 6 రాయాలి: 24. మూడో దాంట్లో ఎనిమిది మార్కులవి 3 ఇస్తే 2 రాయాలి: 16. పాస్ కావడానికి 21 కావాలి. తన పేపర్ నిర్మాణం నోటికి చెప్పలేని పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లు ఏది ముందు చదవాలో తెలియకే సతమతమవుతుంటారు.

తర్వాత ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం వేయమనండి.

క: క్లాసులో చెప్పలేదు, లేదా చెప్పినా అర్థం కాలేదు.

చ: చెప్పారు, అప్పట్లో అర్థమైంది, తర్వాత చదవలేదు.

జ: తెలుసు, రాసింది, అయినా చేజారింది.

మూడింటిలో ఎక్కువ ఓపిక కావలసింది "జ". రాతలో జరిగిన తప్పు పేరు కూడా పక్కనే రాయాలి: యూనిట్ వేయలేదు, పటంలో గుర్తులు పెట్టలేదు, మైనస్ గుర్తు మర్చిపోయింది, ఫార్ములాలో ఏ అక్షరం దేన్ని సూచిస్తుందో చెప్పలేదు, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదు, ప్రశ్న నంబరు తప్పు వేసింది, రెండు మార్కుల ప్రశ్నకు పేజీ నింపి ఎనిమిది మార్కుల ప్రశ్నకు టైమ్ లేకుండా చేసుకుంది. ఈ ఆఖరిది చాలా సాధారణం. రెండు మార్కులవి ఒక్కోటి 3 నిమిషాలు, నాలుగు మార్కులవి 10, ఎనిమిది మార్కులవి 25 అనుకుంటే మొత్తం 140 నిమిషాలు. పేపర్ చదువుకోవడానికి, సరిచూసుకోవడానికి 40 మిగులుతాయి. వాచీ బల్ల మీద పెట్టుకుని ఇంట్లో ఒక్కసారి ఈ లెక్క ప్రకారం పేపర్ రాస్తే ఎక్కడ ఆలస్యమవుతోందో బయటపడుతుంది.

చివర్లో మూడు మొత్తాలు వేయించండి. ఉదాహరణకు 60కి 27 వచ్చాయనుకుందాం. పోయిన 33లో "క" 9, "చ" 14, "జ" 10 అని తేలింది. సార్ మీద ఫిర్యాదు అబద్ధం కాదని 9 చెబుతోంది, మిగతా 24 ఎవరి చేతిలో ఉన్నాయో కూడా ఆ కాగితమే చెబుతోంది. మీరు నోరు విప్పకండి. "చూశావా, నేను చెప్పలేదూ!" అన్నారంటే వచ్చేసారి స్క్రిప్ట్ బ్యాగులోంచి బయటికి రాదు.

అమ్మాయి అన్నింటికీ "క" వేసుకుంటూ పోతే? ప్రతిదానికీ వాదించొద్దు. ఏవైనా రెండు ప్రశ్నలు ఎంచుకుని, "ఇది పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించు" అనండి. ఆ పేజీ దొరక్కపోయినా, దొరికాక అది కొత్తగా కనిపించినా, సగం మార్కులు "చ"లోకి మార్చమనండి. అదే సెక్షన్‌లో చదివే స్నేహితురాలి నోట్సులో ఆ పాఠం ఉందేమో చూడమనండి. ఆ రెండు తప్ప మిగతావి ఆమె వేసినట్టే వదిలేయండి. రెండో టెస్ట్ నాటికి లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది, ఎందుకంటే అప్పటికి ఆ లెక్క తనకోసమేనని తెలుస్తుంది.

కొన్ని కాలేజీలు స్క్రిప్ట్‌లు ఇంటికివ్వవు. అప్పుడు పరీక్ష రాసిన సాయంత్రమే ప్రశ్నపత్రం మీద, ఏ ప్రశ్నకు ఎంత రాసిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. మార్కులు వచ్చాక పుస్తకం పక్కన పెట్టుకుని అంచనా వేయొచ్చు. ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అయినా నష్టం లేదు.

3. ఒక్కో అక్షరానికి ఒక్కో మందు

"జ"కి చదువుతో పని లేదు, అలవాటు మారాలి. తను చేసిన తప్పుల్లో ఎక్కువసార్లు వచ్చిన మూడింటిని నోట్సు అట్ట లోపలి వైపు రాసుకుని, ప్రతి స్లిప్ టెస్ట్ చివరి ఐదు నిమిషాల్లో ఆ మూడింటి కోసమే పేపర్ వెతకాలి. ముందుగా కోలుకునే మార్కులు ఇవే, అందుకే వీటితోనే మొదలుపెట్టించండి. తన ప్రయత్నంతో మార్కు మారుతుందని ఒకసారి కళ్లారా చూశాక మిగతా పని తేలికవుతుంది.

"చ"కి టైమ్‌టేబుల్ కావాలి. ఆ సంగతి ఆదివారం కూర్చోవడం దగ్గర చెప్పుకుందాం.

"క" అసలు కష్టం. పాఠం ఇంకోచోట నుంచి తెచ్చుకోవాలి. ఈ వరస పాటించమనండి. ముందు టెక్స్ట్‌బుక్‌లో ఆ భాగం ఇరవై నిమిషాలు చదవాలి. చేసి చూపించిన లెక్కల్లో జవాబును కాగితంతో మూసి తను చేసి చూసుకోవాలి. అర్థం కాని లైను కింద గీత గీయాలి. అప్పుడు ఆ లైను కోసం ఒక వీడియో, ఒక్కటే, ఇరవై నిమిషాలకు మించనిది. తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ విద్య చానల్ పాఠాలు, కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. లోలకం, తరంగాలు, బలాలు లాంటివి కళ్లతో చూడాలంటే కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫెట్ సిమ్యులేషన్లు (స్క్రీన్ మీద మనమే కదిపి చూసే ప్రయోగాలు) కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి.

వీడియోతో వచ్చే చిక్కు ఒకటుంది. బాగా చెప్పేవాళ్లు చెబుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క రాదు. అందుకని వీడియో ఆపిన వెంటనే తెల్లకాగితం పరీక్ష పెట్టుకోవాలి. సరళ లోలకం (దారానికి వేలాడదీసిన గోళం) చలనం సరళ హరాత్మకమని, అంటే గోళం ఎంత పక్కకు జరిగితే అంత బలంగా మధ్యకు లాగబడుతుందని చూపడం తీసుకోండి. పటం వేయాలి, గోళం బరువును రెండు అంశాలుగా విడగొట్టాలి, వాటిలో ఏది గోళాన్ని మధ్య స్థానానికి లాగుతుందో చెప్పాలి, చిన్న కోణాలకే ఈ వాదన ఎందుకు చెల్లుతుందో రాయాలి, అక్కణ్నుంచి ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) సూత్రానికి రావాలి. ఏమీ చూడకుండా ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గీసి, ఆ తర్వాతి మెట్టు మాత్రం మళ్లీ చదువుకోవాలి. మొత్తం మొదట్నుంచి బట్టీ కొట్టడం కంటే ఇది తొందరగా అవుతుంది.

ఫిజిక్స్ రాని తల్లిదండ్రులు కూడా ఇక్కడ పనికొస్తారు. "సెకండ్ల లోలకం అంటే ఏంటమ్మా?" అని అడగండి. ఆవర్తన కాలం రెండు సెకన్లు ఉన్న లోలకమని, దాని పొడవు దాదాపు ఒక మీటరని మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ రెండు మార్కులు ఖాయం. చదువు చెప్పడం మన పని కాదు, వినడం మన పని.

4. అదే సార్ దగ్గరికి వెళ్లి డౌటు అడగడం నేర్పండి

క్లాసు బాగా చెప్పలేనివాళ్లలో చాలామంది చిన్న ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పగలరు. అరవై, డెబ్భై మంది ముందు తేలిపోయే మనిషి స్టాఫ్‌రూమ్‌లో ఓపిగ్గా చెబుతారు. తేడా అంతా అడిగే తీరులో ఉంది.

"సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే ఆయన మాత్రం ఎక్కణ్నుంచి మొదలుపెడతారు? "మళ్లీ చదువుకో" అని పంపేస్తారు. "సార్, లోలకం డెరివేషన్ ఇక్కడిదాకా వచ్చిందండీ, ఈ లైన్లో మైనస్ ఎందుకు వచ్చిందో తెలియట్లేదు" అని తను ప్రయత్నించిన కాగితం చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో ఒకసారి మీతో అలా అడిగి చూడమనండి. సిగ్గుపడే పిల్లలకు ఈ రిహార్సల్ చాలా సాయం చేస్తుంది.

ఒకసారికి రెండు డౌట్లే. లంచ్ బ్రేక్‌లోనో స్టడీ అవర్‌లోనో వెళ్లాలి. క్లాసు ముగిసే ఐదు నిమిషాల్లో అందరి ముందూ అడిగితే తప్పు పడుతున్నట్టు తోచి కొందరు కసురుకుంటారు. ఒకసారి కసురుకున్నా మరోసారి వెళ్లాలి. రెండోసారీ అంతే అయితే అదే సబ్జెక్టు చెప్పే మరో సెక్షన్ లెక్చరర్‌ని అడగొచ్చు.

5. ఆదివారం అరగంట, మిగతా ఆరు రోజులు మౌనం

వారానికి ఒకే ఒక్క సమావేశం. టైమ్ అమ్మాయే నిర్ణయించాలి, మీరు ఆ టైమ్‌కి ఇంకే పనీ పెట్టుకోకూడదు. ముందు పది నిమిషాలు పోయిన వారం అనుకున్నదేంటి, అయిందేంటి అనేది తను చెబుతుంది. తర్వాత పది నిమిషాలు వచ్చే వారం ప్రణాళిక రాస్తుంది. ఆఖరి పది నిమిషాల్లో మీ నుంచి ఏం కావాలో అడుగుతుంది: ఒక పుస్తకం, ఆ గంటసేపు టీవీ ఆపడం, తమ్ముణ్ని ఇంకో గదిలో కూర్చోబెట్టడం, ఏదైనా.

ప్రణాళిక మూడు లైన్లు దాటొద్దు. "రోజూ ఫిజిక్స్ చదువుతా" అంటే ఒప్పుకోవద్దు. "మంగళవారం 7 నుంచి 7:45, గురుత్వాకర్షణలో నాలుగు మార్కుల ప్రశ్నలు మూడు, చూడకుండా రాస్తా" అని రాస్తే అయిందో లేదో ఇద్దరికీ తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు ఇది దాదాపు తప్పకుండా దెబ్బతింటుంది. ఉత్సాహంలో రోజుకు నాలుగు గంటలు రాసేసుకుంటారు, బుధవారానికే బాకీ పడతారు, బాకీ పెరిగాక అసలు మానేస్తారు. తిట్టకండి. "ఇందులో సగం చేసి రాయి" అనండి, అది అయ్యాకే పెంచమనండి. అనుకున్న పని జరక్కపోతే ఏం చేయాలో కూడా ముందుగా తననే రాయమనండి. శనివారం సాయంత్రం ఫోన్ టైమ్‌లోంచి ఆ నలభై అయిదు నిమిషాలు తీసుకుంటానని తను రాస్తే అది శిక్ష కాదు, తన ఒప్పందం. మార్కుకింత అని డబ్బులిచ్చే బేరం మాత్రం పెట్టొద్దు. ఆ బేరం మొదలైతే పిల్లలు తేలిక సబ్జెక్టులో మార్కులు తెచ్చి ఫిజిక్స్‌ని అలాగే వదిలేస్తారు.

ఇక మిగతా ఆరు రోజులు. "చదివావా?" అన్న మాట నోటి నుంచి రాకూడదు. ఈ మొత్తంలో తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైంది ఇదే, నిజంగా కష్టం. సోమవారం రాత్రి అమ్మాయి ఫోన్ చూస్తూ కనిపిస్తే మనసు ఆగదు. అయినా ఆగండి. రోజూ గుర్తు చేసే మనిషి ఉన్నంతకాలం గుర్తు పెట్టుకోవడం ఆ మనిషి ఉద్యోగమైపోతుంది.

హాస్టల్లో ఉండే పిల్లలైతే ఇంకో చిక్కుంది. వీకెండ్ టెస్ట్ మార్కులు పిల్లలు చెప్పకముందే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. అది చూసి వార్డెన్ ద్వారా ఫోన్ చేయించి నిలదీస్తే, తన మార్కులు తన నోటితో చెప్పే అవకాశం పోతుంది. మెసేజ్ చూసినా చూడనట్టే ఉండి, ఔటింగ్ రోజునో ఫోన్ చేసే రోజునో తను చెప్పేదాకా ఆగండి. పది నిమిషాల కాల్‌లో మార్కు కంటే ముందు క, చ, జ మొత్తాలు అడగండి. అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా అనేవి దానికంటే కూడా ముందు.

6. మీరు కాలేజీకి ఎప్పుడు వెళ్లాలి

బాధ్యత పిల్లలకిచ్చామంటే అన్యాయాన్ని వాళ్లొక్కళ్లే మోయాలని అర్థం కాదు. రెండు టెస్టుల్లోనూ "క" తగ్గకపోతే, చాప్టర్లు వదిలేస్తుంటే, లెక్చరర్ వారాల తరబడి లేకపోతే, దిద్దిన పేపర్లు చూపించకపోతే వెళ్లండి.

అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. తేదీలతో రాసిన కాగితం ఉండాలి: ఏ చాప్టర్ ఎన్ని క్లాసుల్లో అయింది, ఏవి మిగిలాయి. ముందు ఆ సబ్జెక్టు లెక్చరర్‌తోనే మాట్లాడండి, తర్వాతే ప్రిన్సిపాల్. "సరిగ్గా చెప్పట్లేదు" అంటే వాళ్లు తమను సమర్థించుకుంటారు. "ఈ రెండు చాప్టర్లలో లెక్కల కోసం శనివారం ఒక ఎక్స్‌ట్రా క్లాసు పెట్టించండి" అంటే అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. మరో నలుగురు తల్లిదండ్రులు కూడా వస్తే మాటకు బరువుంటుంది. పోస్టు ఖాళీగా ఉన్న ప్రభుత్వ కాలేజీ అయితే జిల్లా ఇంటర్ విద్యాధికారికి, పాఠశాల అయితే మండల విద్యాధికారికి అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

కొట్టడం, అందరి ముందూ కులం పేరునో శరీరం గురించో అవమానించడం, అసభ్యంగా ప్రవర్తించడం ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. బడి పిల్లల విషయంలో విద్యాహక్కు చట్టం, 2009 లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలెవరి కోసమైనా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. అక్కడ పిల్లలు సర్దుకుపోవాల్సింది ఏమీ లేదు.

అలాగే నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు కనిపిస్తే మార్కుల మాట ఆ రోజే ఆపేయండి. పక్కనే ఉండండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పబ్లిక్ పరీక్షకు ముందే ఒక మాట పిల్లల చెవిన వేసి ఉంచండి: పరీక్ష తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, తక్కువొస్తే ఫస్టియర్ సబ్జెక్టులకు ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు, మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. ఫలితాల రోజున చెబితే వినిపించదు, జనవరిలోనే చెప్పాలి.

7. మెల్లగా తప్పుకోండి

మొదటి యూనిట్ టెస్ట్ లెక్క మీ పక్కన కూర్చుని వేసింది. రెండోది తనే వేసి మీకు చూపిస్తుంది. హాఫ్ ఇయర్లీకి స్క్రిప్ట్ చూపించక్కర్లేదు, మూడు మొత్తాలు, వచ్చే నెలలో దేన్ని తగ్గించాలనుకుంటోందో చెబితే చాలు. మార్కులు 27 నుంచి 31కే పెరిగినా "జ" 10 నుంచి 4కి వచ్చిందంటే పని జరుగుతోందని అర్థం. ఆ సంగతి పైకి చెప్పండి, అంకెతో సహా. ఆదివారం అరగంట ఈలోగా పావుగంటకు దిగుతుంది. ఒకవేళ ఒక టెస్ట్‌లో మూడు మొత్తాలూ పెరిగితే మళ్లీ పక్కన కూర్చుంటారు, ఒక్క టెస్ట్ వరకే. ప్రీఫైనల్ అయ్యాక స్క్రిప్ట్ బల్ల మీద కనిపించినా, తను పిలిస్తే తప్ప తెరవకండి.